కాస్త పక్కకి తిరుగు

ఆగస్టు చివర, నార్త్ డకోటాలో
సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదింపావు దాకా
ఆకాశం నాకు వెలుగు అప్పిస్తుంది.
ఆ ముప్పావుగంటే నా దుకాణం.

హైస్కూలు ఆఖరేడు పిల్లలు వస్తారు,
ఒకడు తాత ట్రాక్టరు తోలుకుంటూ, ఒకతె ట్రంపెట్టుతో,
పందుల పోటీలో గెలిచిన నీలం రిబ్బనుతో ఇంకొకడు.
పంది ఏదిరా అంటే
అమ్మేశాం అని నేలచూపులు చూశాడు.
ఆ నేలచూపునే తీశాను. వాళ్ళమ్మ కొనలేదు.

కుటుంబాలైతే మరీ కష్టం.
అందరికీ ఒకే రంగు చొక్కాలు తొడిగి తెస్తారు.
నాన్న గడియారం చూస్తాడు, పసివాడు గాలిని చూస్తాడు,
కుక్కొక్కటే కెమెరాను చూస్తుంది.
విడిపోయిన మొగుడూ పెళ్ళాల మధ్య
ఎన్ని అంగుళాలు వదలాలో
ఏ కెమెరా పుస్తకంలోనూ రాసి లేదు.
పిల్లల్ని కూర్చోబెట్టి ఆ జాగా పూడుస్తాను.

మారెన్ స్కోగ్‌స్టాడ్ వచ్చిన రోజు
వెనకాలే వాళ్ళమ్మ డార్లా,
హ్యాంగరు తియ్యని ఇస్త్రీ తెల్లగౌనుతో.
పిల్ల చేతిలో నాలుగు కిలోల ఇనపగుండు,
మెడ కింద ఇంకా చెరగని సుద్ద మరక.
ఆ గుండే ఆమెను రాష్ట్రం పోటీల దాకా విసిరింది.

"పొద్దుతిరుగుడు చేలో తియ్యండి.
భుజాలు మాత్రం... మీకు తెలుసుగా" అంది డార్లా.

తెలుసు.
ముప్ఫై ఏళ్ళుగా నా నోట్లో నానిన మాట:
కాస్త పక్కకి తిరుగు తల్లీ, సన్నగా పడతావు.
ఎడంకాలు వెనక్కి, గడ్డం కిందికి, ఊపిరి బిగబట్టు.
ఎంతమందిని అలా సగం సగం చేసి
ఫ్రేముల్లో బిగించి ఇచ్చానో.
ఈ డార్లానే, ఇదే వయసులో,
కర్రకంచె వెనక నిలబెట్టి
చేతుల్లో గుడ్డగులాబీ పెట్టి
రెండు భుజాలూ నీడలో కలిపేశాను.
అప్పట్లో ఊరంతా మెచ్చుకుంది.

"పక్కకి తిరుగు" అన్నాను మారెన్‌తో.
"ఎందుకు?"
పెంకితనం కాదు. నిజంగానే తెలియక,
దారి అడిగినట్టు అడిగింది.
జవాబు నాలిక చివరిదాకా వచ్చింది.
అంతలో ఆమె వెనక చేను కనబడింది.
వేల పువ్వులు, ముదిరినవి, తూర్పుకే మొహం పెట్టి,
పడమట అంత బంగారం పోతపోస్తుంటే
ఒక్కటీ మెడ తిప్పదు.
లేతప్పుడే తిరుగుతాయవి పొద్దు వెంట.
గింజ పట్టే వేళకి మానేస్తాయి.
పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

వెండి అట్ట ఎత్తి
వెలుగంతా ఆమె భుజాల మీదికే వంచాను.
ఎదురుగా నిలబడింది, కాళ్ళు ఎడంగా,
తెల్లగౌను కుట్లు బిగుసుకుని,
గుండు దవడకి ఆన్చి.
నవ్వమనలేదు. నవ్వలేదు.
మూడుసార్లు నొక్కాను. నాలుగోసారికి
దోమ వాలి కన్ను మూసింది.
చేను గట్టున డార్లా
ఖాళీ హ్యాంగరు పట్టుకుని నిలబడింది, ఏమీ అనలేదు.

వారం తర్వాత వచ్చి
బల్లమీద పరిచినవన్నీ చూసింది.
పక్కకి తిరిగినవి (అవీ తీశాను, బతకాలిగా)
అత్తగారికి పెద్దది, చర్చి గోడకొకటి, స్కూలు పుస్తకానికొకటి.
ఎదురుగా ఉన్నదాన్ని మూడుసార్లు పక్కన పెట్టి
మళ్ళీ తీసి,
"ఇది, పర్సులో పట్టేంత సైజు,
ఒక్కటంటే ఒక్కటి" అంది
మేమిద్దరమే ఉన్న గదిలో, గొంతు తగ్గించి.

డబ్బు కట్టి తలుపు దాకా వెళ్ళి
గోడకున్న అద్దం ముందు ఆగింది,
ఫొటోకి ముందు జుట్టు సర్దుకోడానికి పెట్టిన అద్దం.
జుట్టు సర్దుకోలేదు.
భుజాన ఉన్న సంచీ తీసి కింద పెట్టి
కాసేపు, తిన్నగా, అద్దానికి ఎదురుగా నిలబడింది.

నేను బిల్లుపుస్తకంలో
ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.
ఏం రాశానా అని తర్వాత చూస్తే
తేదీ ఒక్కటే ఉంది,
అదీ తప్పు.